ఇస్త్రీ బాబాయి కొత్త దుప్పటి

ఆ దీవిలో మా పెద్దసార్లు చేసిన ప్రయోగం బెడిసికొట్టింది. చేపలకు కనుబొమలు మొలిచాయి, కోళ్లు పచ్చగా వెలగసాగాయి. సార్లంతా దొరికిన పడవెక్కి చక్కా పోయారు. మిగిలింది పదకొండు మందిమి: వంట చేసే నేను, ఊడ్చేవాళ్లు, సార్ల కోట్లు ఇస్త్రీ చేసే బాబాయి, ఆయన భార్య. ఆవిణ్ణి అందరం పిన్ని అనేవాళ్లం.

ఏడు నెలలు డబ్బాల్లోది తిని, వాననీళ్లు తాగి బతికాం. బాబాయి మాత్రం రోజూ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసేవాడు. ఎవరి చొక్కా మీద ముడత కనిపించినా ఆయనకు ముద్ద దిగదు. కడుపులు మాడినా మా బట్టలు ఫెళఫెళలాడేవి.

ఆయన దిగులంతా అవతలి ఒడ్డున ఉన్న కూతురి మీదే. తొలి కాన్పుకు పక్కన ఉంటానని మాటిచ్చాడు.

ఆరు నెలలు గడిచాక అధికారులు వచ్చి విషం కొలిచే మీటరు పెట్టి చూశారు. ఎవరి దగ్గరా అది కూయలేదు. చివరి పడవ పంపుతామని, అప్పుడు మళ్లీ చూస్తామని, ఎవరి దగ్గర కూస్తే వాళ్లు దీవిలోనే ఉండాలని చెప్పి వెళ్లారు. పడవ వచ్చే ముందురోజు, నలిగిన బట్టలతో వెళ్తే పరువేం కావాలని బాబాయి అందరివీ లాక్కుని ఇస్త్రీ చేశాడు.

మర్నాడు రేవులో మీటరు ప్రతి ఒక్కరి దగ్గరా కూసింది. నా దగ్గరైతే ఈల వేసింది. అధికారి మమ్మల్ని వెనక్కి పొమ్మన్నాడు.

పిన్ని మొగుడివైపు తిరిగింది. "ఇస్త్రీ బల్ల మీద ఆ కొత్త దుప్పటి ఎక్కడిది?"

పాతది మాడిపోయిందని బాబాయి పోయినవారం సార్లు ప్రయోగాలు చేసే ల్యాబులోంచి ఒకటి తెచ్చి పరిచాడట.

"చాలా మెత్తగా ఉందే," అన్నాడు చివరికి.

ఆయన్నే నాలుగు మడతలు పెట్టాలనిపించింది నాకు. విషం బట్టలకే అంటిందేమోనని అధికారి అవన్నీ విప్పించి, మమ్మల్ని సబ్బుతో తోమించాడు. మీటరు నోరు మూసుకుంది. పదకొండు మందిమీ నీలం టార్పాలిన్లు చుట్టుకుని పడవెక్కాం. దారంతా ఆయనతో ఎవరమూ మాట్లాడలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. పాపం, ఆయన తన టార్పాలిన్ ముడతలను అరచేత్తో సాపు చేసుకుంటూనే కూర్చున్నాడు.

బాబాయి, పిన్నిల వెంట నేనూ ఆసుపత్రికి వెళ్లాను. కూతురు ముందురోజే కనేసింది. చేతికిచ్చిన మనవరాలి ముఖం నిండా ముడతలే. బాబాయి బొటనవేలు తనకు తెలియకుండానే ఆ నుదుటి మీదికి వెళ్లింది.

పడవెక్కినప్పటినుంచీ పిన్ని ఆయనతో నోరు విప్పడం అదే మొదటిసారి. "ఈ ఒక్కదాన్నీ ఇలాగే ఉండనివ్వు."

బాబాయి వేలు వెనక్కి తీసుకుని, టార్పాలిన్ గరగరలాడేలా ఏడ్చాడు.