వంటావార్పు దగ్గర ఆగిన మా సుమో

మా వాడి చిన్నప్పుడు... తెలంగాణ కోసం సమ్మె రోజులు. బడులు మూసేశారు, బస్సులు లేవు. ఎల్బీనగర్‌లో మా గల్లీలో పొద్దున్నే మా ఆయన సుమో కడుగుతుంటే, వెనక సీట్లో అప్పటికే ముగ్గురు పిల్లలు ఎక్కి కూర్చున్నారు. నల్లమల కొండలు చూడాలట...

మా వేణుకి అప్పుడు పదకొండేళ్ళు. వాడి దోస్తులు యాదగిరి, చరణ్. ముగ్గురిదీ ఒకటే తరగతి, ఒకటే బెంచీ. మా ఆయనది కిరాయి బండి. సమ్మెలో కిరాయిలు లేక ఊరికే ఉంది. నిలబెట్టి ఏం చేస్తాం, పిల్లల్ని తిప్పుకొద్దామన్నాడు.

చరణ్ వాళ్ళది గుంటూరు వైపు. మా పక్కిల్లే. వాళ్ళ నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. ఆ రోజుల్లో చరణ్ వాళ్ళ అమ్మ కూరగాయలకు వెళ్ళినా గొంతు తగ్గించి మాట్లాడేది... మాట వింటే ఎక్కడివాళ్ళో తెలిసిపోతుందని. పిల్లవాణ్ణి మొదట పంపనంది. వేణు వాళ్ళ గడప మీద కూర్చుని లేవలేదు. చివరికి ఆమె నా చెయ్యి పట్టుకుని, "మీరు వెంట ఉంటారనే పంపుతున్నాను వదినా. వాడికి నోరు ఆగదు, కాస్త చూసుకోండి" అంది.



కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు... రోడ్డు ఖాళీ. అటూ ఇటూ పత్తి చేలు, ఆముదం చేలు, ఎంత దూరం చూసినా చదును నేల. పిల్లలు కిటికీలోంచి తలలు బయటపెట్టి అరుచుకుంటూ పోతున్నారు. ప్రతి గుట్టనూ చూసి "ఇదేనా, ఇదేనా" అని యాదగిరి అడగడం, కాదని మా ఆయన నవ్వడం. డిండి దాటాక వేణు చెయ్యి చాపి చూపించాడు. దూరంగా నీలం గీత గీసినట్టు కొండలు...

అక్కడే ఒక ఊరి దగ్గర బండి ఆగింది. రోడ్డుకి అడ్డంగా ఎడ్లబండ్లు. మధ్యలో మూడు రాళ్ళ పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలు ఉడుకుతున్నాయి. డప్పులు మోగుతున్నాయి. వంటావార్పు. రోడ్డు మీదే వండుకుని తినడం... ఉద్యమంలో అన్ని ఊళ్ళలోనూ చేసేవారు. ఒకాయన వచ్చి, తిన్నాక పంపిస్తాం, దిగండి అన్నాడు.

దిగే ముందు చరణ్ చెవిలో, నోరు తెరవొద్దు బిడ్డా, ఎవరు ఏమడిగినా నేనే చెప్తా అన్నాను. పాపం తలూపాడు.

ఇస్తరాకులు వేసి కూర్చోబెట్టారు. నా వయసు ఆమె గంటెతో వంకాయ కూర వడ్డిస్తూ చరణ్ దగ్గర ఆగింది.

"పేరేంది బిడ్డా?"

వాడు నా మొహం చూశాడు.

"వానికి మాటలు రావక్కా" అన్నాను.

ఎందుకన్నానో... అనేశాను. ఆమె అయ్యో అని వాడి గడ్డం పట్టుకుంది. పుట్టినప్పటి సంది ఇట్లనేనా అని అడిగింది. అవునన్నాను. ఆమె ఇంకొకామెను పిలిచింది, ఆమె మరో ఇద్దరిని. ఒకామె తన తమ్ముడి కొడుక్కి అయిదేళ్ళకు మాట వచ్చిందని చెప్పింది. ఇంకొకామె మొక్కుకోమంది. అందరూ వాడి విస్తట్లో ఇంకొంచెం, ఇంకొంచెం వేస్తున్నారు. యాదగిరి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. చరణ్ కళ్ళలో నీళ్ళు... కారానికో, దేనికో.

వేణు తినడం ఆపేసి లేచి నిలబడ్డాడు.

"వానికి మాటలొస్తయి. వాళ్ళది గుంటూరు. మా అమ్మ మీకు భయపడి అబద్ధం జెప్పింది."

డప్పు ఆగలేదు గానీ మా చుట్టూ ఉన్నవాళ్ళు ఆగిపోయారు. గంటె పట్టుకున్నామె వాణ్ణి చూడలేదు, నన్నే చూసింది.

"అన్నం పెడుతున్నోళ్ళను జూసి భయపడ్డవా అక్కా?"

ఆమె మళ్ళీ చరణ్ వైపు వంగి, "గుంటూరు పోరనికి ఆకలి గాదా ఏంది" అని అన్నం వేసింది. అప్పుడు వాడు మెల్లగా నోరు తెరిచాడు. "కొంచెం మజ్జిగ ఉందా అండీ? కారంగా ఉంది."

"గుంటూరోడు కారమంటున్నడే" అని వెనకనించి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. మజ్జిగ చెంబు కూడా వచ్చింది.

అక్కడితో నా భయం పోవాలి. పోలేదు. ఎడ్లబండ్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు మా బండివైపు చూసి ఏదో మాట్లాడుకున్నారు... ఏమీ కాకపోవచ్చు. బండి ఎక్కగానే మా ఆయనతో వెనక్కి తిప్పమన్నాను. ఇంకో గంటలో పోతాం, కళ్ళ ముందే ఉన్నాయి కదా అన్నాడు. పిల్లవాడికి ఏమన్నా అయితే వాళ్ళమ్మకు నేనేం చెప్పాలి అన్నాను. తిప్పాడు.

వేణు వెనక అద్దంలోంచి ఆ కొండలు కనపడకుండా పోయేదాకా చూశాడు.

చరణ్‌ని వాళ్ళమ్మకు అప్పగించి, హమ్మయ్య అనుకుని ఇంట్లోకొచ్చాను. అన్నం దగ్గర వేణు అడిగాడు, మళ్ళా ఎప్పుడు పోతం అని.

"తెలంగాణ వచ్చినంక పోదాం బిడ్డా" అన్నాను. పిల్లవాడి నోరు మూయించడానికి అన్న మాట.

వచ్చింది. ఆ రోజు గల్లీ అంతా రంగులు చల్లుకున్నాం. చరణ్ మీద కూడా చల్లారు. వేణు మొహం నిండా గులాబీ రంగుతో నా దగ్గరికొచ్చి, "వచ్చింది గదమ్మా, ఎప్పుడు పోతం?" అన్నాడు. పదో తరగతి కానీ అన్నాను. తర్వాత ఇంటర్ కానీ అన్నాను. ఆ తర్వాత వాడు అడగడం మానేశాడు...

ఇరవై మూడేళ్ళకే చనిపోయాడు నా కొడుకు. నాలుగు రోజుల జ్వరం. దవాఖానకు నడిచి వెళ్ళాడు.

ఇప్పుడు మా గల్లీ పిల్లలు శనివారం వస్తే చాలు, కార్లేసుకుని ఆ కొండలకు పోయి ఫోటోలు పెడుతుంటారు. ఎవరి మాట ఎట్లా ఉందని ఎవరూ చూడటం లేదు. నేను మాత్రం డిండి దాటి మళ్ళీ పోలేదు.

నాకు పెద్ద చదువు లేదు, తప్పులుంటే ఏమీ అనుకోకండి. మీ పిల్లలు చిన్నప్పుడు ఎక్కడికి తీసుకెళ్ళమని అడిగేవారు... మీరు ఏమని చెప్పేవారు... రాయండి. అన్నీ చదువుతాను.