తెల్ల మంచులో తెల్ల పన్ను

2023 చివర్లో ఒక సాయంత్రం, సౌదీలోని అల్ ఖోబర్‌లో నేను పనిచేసే పాలీక్లినిక్ మేనేజరు నర్సులందరినీ పిలిచి, "ఐస్ హాకీ గురించి ఎవరికైనా తెలుసా?" అని అడిగాడు. ఫిలిప్పీన్స్ పిల్లలు తెలివైనవాళ్ళు, తలలు వంచుకుని నేల చూశారు. నా నోరు ఊరుకోదు కదా, "హాకీ తెలుసు సర్" అన్నాను. బాపట్లలో మా స్కూలు వెనక మైదానంలో మగపిల్లలు కర్రలు పట్టుకుని ఆడటం చూశాను, నాకు తెలిసిన హాకీ అంతే. మర్నాటి నుంచి నాకు డ్యూటీ, మాల్ పక్కనున్న ఐస్ రింక్‌లో పడింది.

జట్టు పేరు వైట్ కేమెల్స్. ఎడారి దేశంలో మంచు మీద ఆడే తెల్ల ఒంటెలన్నమాట. కెనడా వాళ్ళు ఇద్దరు, చెక్ దేశస్థుడు ఒకడు, మిగతా అంతా చిన్నప్పుడు అమ్మానాన్నలతో చలిదేశాల్లో పెరిగి వచ్చిన సౌదీ కుర్రాళ్ళు. జీతాలు తీసుకుని ఆడే జట్టే, కాకపోతే ఆ సీజన్‌లో ఆట చూసినవాళ్ళకి ఆ అనుమానం వచ్చేది కాదు. నా పని, మ్యాచ్ జరిగినంతసేపూ వాళ్ళ బెంచీ చివర రెండు స్వెట్టర్లేసుకుని, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం.

ఆట సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. బంతి ఉండదు, దాని బదులు పక్ అని నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఆటలో మూడు పీరియడ్లు. పీరియడ్ అయిపోగానే బజర్ మోగుతుంది, ఆటగాళ్ళు లోపలికి పోతారు, రిసర్ఫేసర్ అనే పెద్ద బండి మంచు మీదికి వస్తుంది. అది గీతలు పడిన పై పొరని బ్లేడుతో చెక్కేసి, ఆ పొడిని కడుపులోకి లాక్కుని, వెనకనుంచి వేడినీళ్ళు పోసుకుంటూ పోతుంది. దాని వెనకాల మంచు అద్దంలా తయారవుతుంది.

ఆ బండి నడిపేవాడు గుల్ ఖాన్, పెషావర్ మనిషి. అంతకు ముందు జుబైల్‌లో నీళ్ళ ట్యాంకర్ నడిపేవాడట. బజర్ మోగీ మోగగానే గేటు తోసుకుని వచ్చేసేవాడు, వందలమంది తననే చూస్తారని వాడికి మహా సరదా. ఆటగాళ్ళ స్కేట్లకి పదునుపెట్టే బాషాది కడప. మొదటిరోజు నేను మంచు మీద అడుగుపెట్టి చతికిలబడితే లేపింది అతనే.

"అక్కా, బాతు మాదిరి నడుసు. బిగుసుకోని నడిస్తే మళ్ళా పడతావు" అన్నాడు. ఆ సీజన్ అంతా బాతులాగే నడిచాను.

బాషాతో తెలుగు, డాక్టర్లతో ఇంగ్లీషు, పేషెంట్లతో ముక్కలు ముక్కలుగా అరబ్బీ. గుల్ ఖాన్‌తో మాత్రం హిందీ తప్పదు. నా హిందీ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. స్కూల్లో మా హిందీ పండిట్ గారు కా, కే, కీ ఎక్కడ పెట్టాలో నెలల తరబడి చెప్పారు. నేను ఆ నెలలన్నీ కిటికీలోంచి బయటికి చూశాను.

జట్టు కెప్టెన్ ఫైసల్. మంచి ఆటగాడు, అందగాడు, పరమ మొండి. పళ్ళకి తొడుక్కునే మౌత్‌గార్డ్ అని ప్లాస్టిక్ కవచం ఒకటుంటుంది. అది పెట్టుకుంటే రిఫరీని తిట్టడానికి నోరు తిరగదని దాన్ని మేజోడులో దోపుకునేవాడు. అదే మాట వాళ్ళమ్మకి చెబితే సరిపోయేదేమో గానీ, మగపిల్లవాణ్ణి తల్లికి పట్టించడం బాగుండదని ఊరుకున్నాను.

ఇక్కడ తల్లిని కొడుకు పేరుతోనే పిలుస్తారు. ఆవిడ ఉమ్ ఫైసల్. నల్లటి అబాయా, చేతిలో పెద్ద సంచి, ఆ సంచిలో గాహ్వా అనే అరబ్బీ కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాలు, కొడుక్కి బలమని ఒక సీసా ఒంటె పాలు. ప్రతి మ్యాచ్‌కీ ముందు వరసలో అద్దానికి ఆనుకుని కూర్చునేది. మార్చిలో ఫైసల్ పెళ్ళి కుదిరింది. ఆ మాట చెప్పిన రోజున ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "సిస్టర్, పెళ్ళిదాకా వీడి మొహం నీ దగ్గర అమానత్. ఎలా ఇచ్చానో అలా నాకు అప్పజెప్పాలి" అంది. అమానత్ అంటే నమ్మి దాచమని ఇచ్చినది. ఆ మాట ఇక్కడ ఎవరూ సరదాకి అనరు. నేనూ సరదాగా తీసుకోలేదు, ఆ రోజు నుంచి నాకు ఆటలో పక్ కనిపించడం మానేసి ఫైసల్ మొహం ఒక్కటే కనిపించేది.

ఓడిపోవడంలో మావాళ్ళు ఎక్కడా మొహమాటపడలేదు. చివరి మ్యాచ్ నాటికి పట్టికలో అందరికంటే కింద ఉన్నాం. రియాద్ జట్టుతో ఆ మ్యాచ్ గెలిస్తే ఒక మెట్టు పైకి, లేకపోతే అడుగునే. గురువారం ఫైసల్ పెళ్ళి, అంతకు ముందు శనివారం సాయంత్రం మ్యాచ్.

రెండో పీరియడ్ అయిపోతుందనగా ఫైసల్, రియాద్‌వాళ్ళ పొడుగాటి కుర్రాడు ఒకడు పక్ కోసం ఎదురెదురుగా వచ్చారు. ఆ కుర్రాడి కర్ర పైకి లేచింది. టక్కుమని చప్పుడు వినబడింది, వెంటనే బజర్ మోగింది. ఫైసల్ జారుకుంటూ నా దగ్గరికి వచ్చి, హెల్మెట్ తీసి నవ్వాడు. పై వరసలో ముందుపన్ను ఉండాల్సిన చోట కిటికీ ఉంది.

"థిథ్టర్, బాగానే ఉన్నానా?" అన్నాడు.

పన్ను విరగలేదు, వేరుతో సహా ఊడింది. దీన్ని మా భాషలో అవల్షన్ అంటారు. దీనిలో ఒక మంచి ఉంది, పన్ను దొరికితే అరగంట, గంటలోపు మళ్ళీ దాని గుంటలో నాటొచ్చు. అందాకా అది ఎండిపోకూడదు, పాలలో వేసి ఉంచాలి. అంటే నాకు అర్జెంటుగా కావలసినవి రెండు, పన్నూ పాలూ. గాజుగుడ్డ అతని నోట్లో పెట్టి తలెత్తేసరికి, ఎదురుగా గేటు తెరుచుకుని గుల్ ఖాన్ బండి మంచు మీదికి వచ్చేస్తోంది. ఆ తెల్ల మంచులో ఎక్కడో నా తెల్ల పన్ను. బండి ఒక్క చుట్టు తిరిగిందా, ఇక అమానత్ దాని కడుపులోకే.

బెంచీ మీదికెక్కి గొంతు చించుకున్నాను. "గుల్ ఖాన్! దాంత్! దూద్ కా దాంత్!"

పన్ను పడిపోయింది, దాని కోసం పాలు కావాలి అని నా ఉద్దేశం. గుల్ ఖాన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"దూద్ కా దాంత్?"

"హా! హా! దూద్ కా దాంత్!"

వాడి గడ్డమంతా నవ్వు పరుచుకుంది. "కోయీ బాత్ నహీ సిస్టర్! దూస్రా ఆ జాయేగా!" అని చెయ్యి ఊపి బండి ముందుకి పోనిచ్చాడు.

పరవాలేదు సిస్టర్, ఇంకోటి వస్తుంది! దూద్ కా దాంత్ అంటే పాలపన్ను. మ్యాచ్‌కి ముందు పిల్లలు స్కేటింగ్ చేసి వెళ్ళారు, వాళ్ళలో ఎవరిదో ఊడిందనుకున్నాడు. పండిట్ గారు ఏ లోకంలో ఉన్నారో, ఆ క్షణాన ఆయన కాళ్ళమీద పడాలనిపించింది.

నా అరుపులకి బాషా చేతిలో స్కేటుతోనే బయటికి ఉరికాడు. మంచు మీద నాలుగడుగులు పరిగెత్తి, జారి, బోర్లా పడి, ఆ పడిన పడటం సరిగ్గా బండికి ఎదురుగా వెళ్ళి ఆగాడు. లేవకుండానే చెయ్యెత్తి అరిచాడు. "రోకో ఖాన్ సాబ్! కప్తాన్ కా దాంత్ హై! పక్కా దాంత్!" ఆపు, అది కెప్టెన్‌ది, పాలపన్ను కాదు అసలు పన్ను అని.

బండి ఆగింది. గుల్ ఖాన్ మొహంలో నవ్వు కూడా ఆగింది.

ఆ తర్వాత జరిగింది ఏ ఆటలోనూ ఎవరూ చూసి ఉండరు. రెండు జట్లవాళ్ళూ, రిఫరీలూ మోకాళ్ళ మీద పాకుతూ పన్ను వెతికారు. అందరికంటే శ్రద్ధగా వెతుకుతున్నవాడు రియాద్ జట్టు పొడుగాటి కుర్రాడే. పాపం తప్పు తనదని ముక్కు మంచుకి ఆనించి మరీ చూస్తున్నాడు. అద్దం వెనక ఉమ్ ఫైసల్ లేచి నిలబడి రెండు చేతులా అద్దాన్ని బాదుతోంది. ఆ అద్దం దళసరి, మాట బయటికి రాదు. తల్లి కదా, ఏడుస్తోందనుకున్నాను. గుండె మీద చెయ్యి పెట్టుకుని "సబర్, సబర్" అని, ఓపిక పట్టమని సైగ చేశాను. ఆవిడ ఇంకా గట్టిగా బాదింది. నాకూ కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి. ప్రభువా, పన్ను ఒక్కటి చూపించు, నా నోరు ఇక అదుపులో పెట్టుకుంటానని మొక్కుకున్నాను.

బాషా నా పక్కకి పాక్కుంటూ వచ్చాడు. "అక్కా, ఆయమ్మ ఏడుస్తా లేదు. తిడతాంది. ఏందో సూపిస్తాంది సూడు."

అద్దం పక్కనున్న తలుపు తీయించాను. ఉమ్ ఫైసల్ చెప్పులతోనే మంచు మీదికి వచ్చింది. రిఫరీ ఏదో అనబోయి ఆవిడ మొహం చూసి మానుకున్నాడు.

"ఎప్పటినుంచి చెబుతున్నాను! సబరట, సబర్! పన్ను ఎగిరి వాడి కాలర్లో పడింది. నా కళ్ళతో చూశాను!" అంటూ పొడుగాటి కుర్రాణ్ణి చూపించింది.

అతను లేచి నిలబడి, జెర్సీ లాగి దులిపాడు. భుజానికి కట్టుకున్న ప్యాడ్ సందులోంచి పన్ను జారి అతని గ్లవ్‌లో పడింది. ఇంతసేపూ దాన్ని మెడలో వేసుకునే వెతుకుతున్నాడన్నమాట. పాపం ఆ సంతోషంలో దాన్ని చొక్కాకి తుడవబోయాడు. నేను పెట్టిన కేకకి మళ్ళీ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వేరుని తాకకూడదు, తుడవకూడదు. దాని మీదుండే సన్నటి పొర పోతే పన్ను అతుక్కోదు. పైభాగం పట్టుకుని తీసుకున్నాను.

ఇక పాలు. బాషా చెప్పినట్టున్నాడు, గుల్ ఖాన్ అప్పటికే క్యాంటీన్‌కి పరిగెత్తి పేపరు కప్పుతో వస్తున్నాడు.

"దూద్ లాయా సిస్టర్!"

కప్పులో పొగలు కక్కుతున్న దూద్ పత్తీ. ఏలకుల వాసన గుమగుమలాడుతోంది. టీలో నానిన పన్ను ఎలా ఉంటుందో ఆలోచించే ఓపిక నాకు లేదు. ఉమ్ ఫైసల్ సంచిలోంచి సీసా తీసి మూత తిప్పింది. వైట్ కేమెల్స్ కెప్టెన్ పన్ను, ఒంటె పాలలో మునిగింది.

మా డెంటిస్ట్ డాక్టర్ హనాన్‌కి ఫోన్ చేశాను.

"పాలలో వేశావా?"

"వేశాను డాక్టర్."

"ఏ పాలు?"

"ఒంటె పాలు."

"ఒంటె గురించి నేను చదువుకున్న పుస్తకంలో లేదు. తొందరగా తీసుకురా" అంది.

ఫైసల్‌కి ఇంకా మూడో పీరియడ్ ఆడాలని ఉంది. వాళ్ళమ్మ ఒక్క చూపు చూసింది. భుజాల ప్యాడ్లూ, మోకాళ్ళ ప్యాడ్లూ, ప్లాస్టిక్ తొడుగులేసిన స్కేట్లతో టకటకమంటూ మా క్లినిక్‌లోకి నడిచాడు. బీపీ చూపించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన లేచి కుర్చీ ఇచ్చాడు. డాక్టర్ హనాన్ పన్ను నాటి, పక్క పళ్ళతో కలిపి సన్నటి తీగతో కట్టేసింది. కదలకుండా వేసే ఆ కట్టుని స్ప్లింట్ అంటారు.

"గురువారం పెళ్ళి" అంది ఉమ్ ఫైసల్.

"నవ్వొచ్చు, కొరక్కూడదు" అంది డాక్టర్.

ఆ సంబరంలో మా ఆయనకి "పన్ను దొరికింది" అని మెసేజ్ పెట్టాను. వెంటనే బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. "ఏవిటే, అక్కడ జీతం మీద పన్ను లేదన్నావుగా? ఎంత పట్టుకున్నారు?" అని కంగారుపడ్డాడు. అసలు సంగతి చెబితే నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడు.

మ్యాచ్ మావాళ్ళే గెలిచారు. ఆ పొడుగాటి కుర్రాడు మూడో పీరియడ్ అంతా కర్ర నేలమీదనుంచి ఎత్తలేదట, దగ్గరికొచ్చిన ప్రతివాడికీ సారీ చెబుతూ దారిచ్చాడట. అలా వైట్ కేమెల్స్ ఆ సీజన్‌ని చివరినుంచి రెండో స్థానంలో ముగించారు.

పెళ్ళికి నన్నూ పిలిచారు. ఆడవాళ్ళ హాల్లో కూర్చున్నాను. చివర్లో పెళ్ళికొడుకు లోపలికి వచ్చి పెళ్ళికూతురు పక్కన నిలబడ్డాడు. అందరూ పెళ్ళికూతురి నగలు చూస్తున్నారు, నేను ఒక్కదాన్నే పెళ్ళికొడుకు నోరు చూస్తున్నాను. పెదవులు బిగించి నిలబడ్డాడు. "నవ్వరా!" అని వాళ్ళమ్మ కేకేసింది. నవ్వాడు. వరస నిండుగా ఉంది, మధ్యలో తీగ తళుక్కుమంది. ఇదేదో కొత్త ఫ్యాషన్ కాబోలని నా పక్కనావిడ అంది.

ఉమ్ ఫైసల్ జనంలోంచి వచ్చి నా తల మీద ముద్దుపెట్టుకుంది. "అమానత్ అప్పజెప్పావు" అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు చాలామంది థాంక్స్ చెప్పారు, ఆ ఒక్క మాటకే ఏడ్చాను. ఆ తర్వాత పెద్ద పళ్ళెంలో వేట మాంసం కబ్సా అన్నం తిన్నాను. పెళ్ళికొడుక్కి సూప్ ఇచ్చారు.

ఈ కేసు నాకు ఏం నేర్పిందంటే, అద్దం బాదుతున్న మనిషిని చూసి ముందే జాలిపడకూడదు, తలుపు తీసి ఏమంటోందో వినాలి. పేషెంటు తరఫువాళ్ళు కాస్త గొంతు పెంచితే "సబర్" అనే అలవాటు మా నర్సులందరికీ ఉంటుంది. ఆ మాట ఇప్పుడు నేను వాడటం లేదు.

రెండో పాఠం గుల్ ఖాన్ చెబుతున్నాడు. తర్వాతి సీజన్‌లో బజర్ మోగితే ఇదివరకులా ఉరికి రావడం మానేశాడు. గేటు దగ్గర బండి ఆపి, నా బెంచీ వైపు తిరిగి, రింక్ అంతా వినబడేలా అరుస్తాడు.

"సిస్టర్! దూద్ కా, యా పక్కా?"

పాలపన్నా, అసలుదా? నేను బెంచీ మీద అందరి నోళ్ళూ ఒకసారి చూసి, చెయ్యి ఊపుతాను. అప్పుడు గానీ బండి కదలదు.