రాహుకాలంలో ఎక్కిన క్రేను

ఎనభైల్లో ఒక సోమవారం పొద్దున గాజువాక నుంచి పోర్టుకి వెళ్లే బస్సెక్కాను. నా ముందు సీట్లో ఇద్దరు ఖలాసీలు, బావా బావమరుదులు. బావకి ఆ రోజు ఎనిమిదింటికి క్రేన్ ఆపరేటర్ పరీక్ష. అది తప్పితే మళ్లీ బరువులు మోయడమే.

"రాహుకాలం బావా. తొమ్మిది దాటాక ఎల్దాం. మిగతావోళ్లూ టీకొట్టుకాడే ఆగుతారట," అన్నాడు బావమరిది.

"ఆగనీ. రాహువొచ్చి నా క్రేను తిప్పుతాడేటి?" అని అతను పోర్టు గేటు దగ్గర దిగి, నేరుగా లోపలికి నడిచాడు.

సాయంత్రం తిరుగు బస్సులోనూ వాళ్లే కనిపించారు. టీకొట్టు దగ్గర ఆగినవాళ్లు వచ్చేసరికి పరీక్ష మొదలైపోయిందట, లోపలికి రానివ్వలేదట. రాహువు ఏనాడూ ఎవరి ఉద్యోగమూ ఊడగొట్టలేదు. ఆ పని మన భయమే చేస్తుంది. లోపలికి వెళ్లినవాళ్లలో బావే మొదటివాడిగా నెగ్గాడట.

"ఆ గడియ మంచిదే అయ్యుంటాది బావా," అన్నాడు బావమరిది.

"గడియేటిరా? ఏడాదిగా మజ్జాన్నం మీరంతా కునుకు తీత్తంటే, నాను ఆపరేటర్ని బతిమాలి క్రేనెక్కి నేర్సుకున్నాను."

బస్సంతా నవ్వింది. నేను చప్పట్లు కొట్టాను.

ఆ తర్వాత మా హేతువాద సంఘం సభలన్నీ రాహుకాలంలోనే పెట్టాం. జనం బాగానే వచ్చారు.