భీమశంకరం గారు మూయని కన్ను

పిస్కాటవేలో ప్రతి ఆదివారం పదిమందికి ధ్యానం నేర్పే భీమశంకరం గారు, తాను మాత్రం ఒక కన్నే మూసుకునేవారు. పంతొమ్మిదివందల ఎనభైల మొదట్లో ఆయన బేస్‌మెంట్‌లో చేరినవాళ్ళంతా బుద్ధిగా కళ్ళు మూసుకుని కూర్చుంటే, ఆయన కుడికన్ను ఒక్కొక్కరి మొహం మీదా కాసేపు ఆగి ముందుకు సాగేది. ధ్యానం ఎడమకంటికి, కాపలా కుడికంటికి అప్పగించి ఆయన హాయిగా ఉండేవారు.

దానికి తోడు ప్రశ్నలు. ఓంకారానికి ముందే అవి మొదలయ్యేవి. "స్టవ్ కట్టేశారా? కారు లైట్లు ఆర్పారా? టిఫిన్ తిన్నారా? రాత్రి నిద్రపోయారా?" నిద్రపోలేదన్నవాళ్ళకు సోఫా చూపించి పడుకోమనేవారు. ఇంట్లో భార్యతో పోట్లాడి వచ్చిన శ్రీధర్‌ని ఒకసారి మెట్ల దగ్గరే ఆపేశారు.

"ముందు ఇంటికెళ్ళి సారీ చెప్పి రావయ్యా."

"ప్రశాంతత కోసమే కదండీ ఇక్కడికి డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది!"

"దాన్ని మీ ఇంట్లో పాడుచేసి వచ్చి, మా ఇంట్లో వెతికితే ఎలా?"

యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తున్న రేణు కొత్తగా చేరినప్పుడు ఈ తంతు చూసి నవ్వాపుకోలేకపోయింది. స్టవ్ సంగతేమిటో ఆయన భార్య రాధారాణి చెప్పింది.

"మొదటి క్లాసు రోజు పప్పు పొయ్యి మీద పెట్టి నేనూ వెళ్ళి కూర్చున్నానమ్మా. మాడు వాసన అందరికీ వచ్చింది. ధ్యానంలో ఏవేవో వాసనలు వస్తాయని ఎవరో చెప్పారట, ఒక్కరూ కదల్లేదు. శ్రీధరైతే ఏదో స్టేజ్ దాటేశాననుకున్నాడు. పక్కింటావిడ ఫోన్ చేస్తే, ఫైర్ ఇంజన్ వాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని దిగేదాకా అలాగే ఉన్నాం."

"అంకుల్ కూడానా, ఆంటీ?"

"ఆయనే అందరికంటే నిశ్చలంగా ఉన్నారు. ఆ రోజు నుంచే ఆ కన్ను మూయరు."

కుడికన్ను కాపలా పొయ్యికేనని రేణు అనుకుంది. క్లాసయ్యాక పెట్టే సమోసాలకని శ్రీధర్ అనేవాడు.

ఆ చలికాలం రేణుకి నవ్వు కరువైంది. ఏళ్ళ తరబడి చేస్తున్న ప్రయోగం తప్పుదారిలో నడిచిందని ఆమెకు అర్థమైపోయింది. ఆ మాట ప్రొఫెసర్‌కి చెప్పాలి. చెబితే ఫండింగ్ పోవచ్చు, వీసా ఏమవుతుందో తెలియదు. ధైర్యం కోసం పొద్దున్నే ధ్యానానికి కూర్చుంది. తర్వాత సాయంత్రాలూ కూర్చుంది. చివరికి ల్యాబ్ మానేసి కూర్చోసాగింది. తిండి తగ్గింది, నిద్ర దూరమైంది. తన చేతులే తనకు పరాయివాళ్ళవిలా కనిపించసాగాయి. ఆమెకు భయం వేసింది. పెన్సిల్వేనియాలో మౌన శిబిరం నడిపే ఒకాయనకు ఫోన్ చేసి అడిగితే, "గుడ్ సైన్! ప్రోగ్రెస్ అన్నమాట. ఇంకా ఎక్కువసేపు కూర్చో" అన్నాడు. ఆ శిబిరానికి పేరిచ్చేసింది.

ఆ ఆదివారం భీమశంకరం గారి ప్రశ్నలన్నిటికీ "యస్ అంకుల్" అని అబద్ధమాడి కూర్చుంది. కాసేపటికి పక్కనే ఆయన గొంతు వినిపించింది.

"రేణూ, కళ్ళు తెరువమ్మా. పాదాలు నేలకి ఆనించు. ఆ గోడ ఏ రంగు?"

"గ్రీన్... ఏంటంకుల్?"

"పైకి పద."

వంటింట్లో రాధారాణి పెట్టిన వేడి ఉప్మా తింటూ రేణు ఏడ్చేసింది. అంతా చెప్పింది. "కానీ అది గుడ్ సైన్ అన్నారంకుల్."

భీమశంకరం గారు కెమికల్ ప్లాంట్‌లో సేఫ్టీ ఇంజనీరు. కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"మా ప్లాంట్‌లో ట్యాంకు కడగడానికి మనిషి లోపలికి దిగుతాడు. వాడి తాడు పట్టుకుని ఇంకొకడు బయట నిలబడతాడు. బయటివాడు ఇంకే పనీ పెట్టుకోకూడదు, వాణ్ణే చూస్తుండాలి. లోపలివాడికి తల తిరిగితే దాన్ని ప్రోగ్రెస్ అనరమ్మా. పైకి లాగుతారు. కొన్ని వారాలుగా నీ మొహమే చూస్తున్నాను."

ఆ కన్ను ఇన్నాళ్ళూ దేనికి కాపలా కాసిందో రేణుకి అప్పుడు తెలిసింది.

"కొన్నాళ్ళు ధ్యానం ఆపు. తిను, పడుకో. రేపు ఆంటీ నిన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ క్యాంప్ సంగతి బాగా నిద్రపోయి లేచాక నువ్వే తేల్చుకో."

"ప్రొఫెసర్‌తో మీరు మాట్లాడకూడదా అంకుల్? మీరైతే బాగా ఎక్స్‌ప్లెయిన్ చేస్తారు."

"తాడు నేను పట్టుకుంటా. నిచ్చెన నువ్వే ఎక్కాలి."

డాక్టర్ని చూశాక, నిద్ర దారిలో పడ్డాక, శిబిరం వాళ్ళకు రేణు తనే ఫోన్ చేసి రావడం లేదని చెప్పింది. ప్రొఫెసర్‌ని కలిసే రోజున మంచు కురుస్తోంది. భీమశంకరం గారు ఆమెను దింపి, పార్కింగ్ లాట్‌లో ఇంజన్ ఆపేసి కూర్చున్నారు. లోపల ప్రొఫెసర్ చాలాసేపు తల పట్టుకున్నాడు. ఆపైన, "నాకూ డౌట్‌గానే ఉంది. ముందే రావాల్సింది. మళ్ళీ ఎక్కడ మొదలుపెడదాం?" అన్నాడు. ఇంకో ఏడాది పడుతుంది, కానీ ఫండింగ్ ఉంటుంది.

రేణు పరుగున బయటికొచ్చింది. భీమశంకరం గారు రెండు కళ్ళూ పెద్దవి చేసుకుని ఆ తలుపునే చూస్తున్నారు. ఆమె నవ్వు చూసి తాళం తిప్పారు. కారు కదల్లేదు. అంతసేపూ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, బ్యాటరీ చచ్చిపోయింది. ఆఖరికి ఆ ప్రొఫెసరే చలిలో దిగి వచ్చి తన కారుతో స్టార్ట్ చేయించాడు.

"ఎవరికీ చెప్పకమ్మా" అన్నారు భీమశంకరం గారు దారిలో.

వసంతంలో డాక్టర్ సరేనన్నాక రేణు మళ్ళీ బేస్‌మెంట్‌కి వచ్చింది. అందరూ కూర్చున్నాక ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"అంకుల్, ఇవాళ మీరు దిగండి. తాడు నేను పట్టుకుంటా."

ఆయన ఆమెను ఎగాదిగా చూశారు. "రాత్రి నిద్రపోయావా?"

"పోయానంకుల్. నిజంగానే."

ఆయన రెండు కళ్ళూ మూసుకున్నారు. కాసేపటికి కుడికన్ను మెల్లగా తెరుచుకుంది.

"స్టవ్?"

"కట్టేశాను."

"కారు లైట్లు?"

"మీవి కూడా చూసొచ్చానంకుల్. మూసుకోండి."

కన్ను మూతపడింది. ఇంకాసేపటికి సన్నగా గురక మొదలైంది. రేణు ఆయన్ని లేపలేదు. ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వెళ్ళి, మళ్ళీ ఆయన దగ్గరికొచ్చి ఆగింది.