శ్రావణి చేతుల కోసం తిరిగిన సలోమమ్మ

నిన్న పొద్దున పిల్లలకు క్యారియర్ కడుతుంటే ఫోన్ మోగింది. ఆళ్లగడ్డ నుంచి ఎవరో ఆడమనిషి.

"సలోమమ్మ పోయిందమ్మా. తెల్లారి పిలిస్తే పలకలే. గుండెపోటంట. ఆమె ఫోన్‌లో నీ నంబరు 'పాప చిన్నమ్మ' అని ఉండాది. అందుకే చేస్తాండా."

క్యారియర్ మూత చేతిలోనే ఉండిపోయింది.

సలోమమ్మ నాకు బంధువు కాదు. రిటైరైన అంగన్‌వాడీ టీచర్. మా అక్క కూతురు శ్రావణిని పెంచిన మనిషి.

రెండేళ్ల కిందట స్టవ్ పేలి మా అక్క పోయింది. బావ అప్పటికే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. పాప బతికింది. కానీ రెండు చేతుల వేళ్లూ కాలి, పుళ్లు మానేటప్పుడు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

పాపను తీసుకుంటారా అని ఆఫీసర్లు మమ్మల్నే ముందు అడిగారు.

వద్దన్నాం.

అప్పుడు ఫాస్టర్ కేర్ కింద సలోమమ్మకు అప్పగించారు. ఎవరూ లేని పిల్లను సొంత పిల్లలా ఇంట్లో పెట్టుకుని పెంచడం అన్నమాట. ఆమెకు అరవై దాటాయి.

పాప తన ఇంటికి వచ్చిన నెల నుంచే వెంటబెట్టుకుని నంద్యాల ఆసుపత్రులన్నీ తిరిగింది. ఆరోగ్యశ్రీలో ఆ ఆపరేషన్ ఫ్రీ. కానీ ఆ కార్డు మీద చేసే డాక్టర్ దొరకాలి కదా. ఒకచోట డాక్టర్ లేడన్నారు. ఇంకోచోట డాక్టర్ ఉన్నాడు, కార్డు మీద అయితే చేయడన్నారు. మరోచోట, పాప పేరు అసలు ఏ కార్డులో ఉందని అడిగారు.

మా అక్క కార్డు ఆమెతోనే పోయింది. పెంచేవాళ్ల కార్డులో పేరు ఎక్కదు, సొంతవాళ్లయితే చూడొచ్చు అని చెప్పి పంపారట.

అందుకే ఒకరోజు శిరివెళ్లలో మా ఇంటికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, ఒక్కతే.

"మీ కార్డులో పాప పేరు ఎక్కిచ్చండమ్మా. పిల్లను నేనే సాకుతా. పేరొక్కటి చాలు."

మా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ పొద్దు పేరంటారు, రేపు పిల్లను కూడా పెట్టుకోమంటారు. మాతో కాదు, పోమ్మా."

ఆమె నా వైపు చూసింది.

నేను లోపలికి వెళ్లిపోయాను.

ఇంకో సంగతి ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా అత్తకు షుగర్ టెస్ట్ చేయించడానికి నంద్యాలలో ఒక ఆసుపత్రికి వెళ్లాను. కౌంటర్ దగ్గర సలోమమ్మ, పాప కనిపించారు. కౌంటర్‌లో మనిషి మిషన్ ముందుకు తోసి పాప వేలిముద్ర పెట్టమన్నాడు.

"ఏ వేలు పెట్టేదప్పా? అవి ఇడదీయమనే కదా వచ్చినాం."

"అట్లయితే కాదమ్మా. పక్కకు రా, ఎనక మంది ఉండారు."

ఆమె పక్కకు రాలేదు.

"యాడికీ పోను. డాక్టర్‌ను పిలువు. చేయనని ఆయన నోటితోనే చెప్పనీ."

వెనకాల క్యూలో వాళ్లు గొడవ మొదలుపెట్టారు. పాప రెండు చేతులూ గౌను కింద దాచుకుని ఏడుస్తోంది.

నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పది అడుగుల దూరంలో. లేవలేదు.

ఆ రోజు వాళ్లకు ఆ డాక్టర్ దర్శనం కాలేదు.

మళ్లీ మా గడప తొక్కలేదామె. పిల్లల సంక్షేమ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, కార్డు లేకున్నా ఫ్రీగా చేయొచ్చని పాప పేరుతో విడిగా ఒక లెటర్ సంపాదించిందట. ఆ లెటర్ పట్టుకుని మళ్లీ ఒక్కో ఆసుపత్రీ ఎక్కింది. చివరికి వారానికొకసారి నంద్యాల వచ్చే ఒక పెద్ద డాక్టర్ ఒప్పుకున్నాడు.

కుడిచేతికి కట్టు విప్పిన రోజు నాకు ఫొటో పంపింది. బొటనవేలు, చూపుడువేలు విడివిడిగా ఉన్నాయి. కింద ఒక వాయిస్ మెసేజ్.

"పాప స్పూన్ పట్టుకునిందమ్మా. నీకు చెప్దామని."

మూడుసార్లు విన్నాను. రిప్లై పెట్టలేదు.

ఎడమచేతికి వచ్చే నెల డేట్ ఇచ్చారు. ఇంతలోనే ఇలా.

నిన్న ఒక్కదాన్నే ఆళ్లగడ్డ వెళ్లాను. సమాధుల దగ్గర పాస్టర్ గారు ప్రార్థన చేస్తుంటే, పాప పక్కింటామె చీర పట్టుకుని నిలబడి ఉంది. అంతా అయ్యాక దగ్గరికి వెళ్లాను. "మీ చిన్నమ్మ" అని చెప్పింది పక్కింటామె.

పాప నన్ను కాసేపు చూసింది.

"నీకు బాగైందా?"

"నాకేమైందమ్మా?"

"నీకు ఒంట్లో బాగలేదంట కదా. అందుకే రాలేదంట. అవ్వ చెప్పింది. నీ కోసం దినామూ ప్రార్థన చేస్తాంటిమి."

గుమ్మంలోంచే పంపేసిన మమ్మల్ని ఆ పిల్ల ముందు ఒక్కమాట అనలేదామె. నాకోసం అబద్ధం కూడా ఆడింది.

సాయంత్రం ఆఫీసర్లు వచ్చి పాపను పిల్లల హోమ్‌కు తీసుకెళ్లడానికి జీప్ ఎక్కించారు. వచ్చే నెల ఆపరేషన్‌కు తోడు ఎవరు వస్తారని అడిగితే నా పేరు చెప్పాను.

వాళ్లలో ఒక మేడమ్ ఫైల్ తిప్పి చూసింది.

"మీరు వద్దని సంతకం పెట్టారు కదా."

పెట్టాను.

నా పేరు రాసుకుందో లేదో తెలీదు. జీప్ వెళ్లిపోయింది.

సలోమమ్మా, నువ్వు బతికుండగా అడగాల్సిన క్షమాపణ ఇది. ఇప్పుడు అడుగుతున్నాను.

అలసిపోయావు. నీ దేవుడి దగ్గర నెమ్మదిగా నిద్రపో. పోయిరా తల్లీ.