వైరు బుట్టలో కారు

ఊరికో కంప్యూటర్ సెంటరు వెలిసి, ప్రతి సెంటరు బోర్డు మీదా కంప్యూటరన్న మాట కంటే ‘ఏసీ కలదు’ అన్న మాట పెద్దగా కనిపించిన కాలం ఒకటి ఉండేది. ఆ రోజుల్లో అమలాపురంలోని అలాంటి ఒక సెంటర్లో నేను పాఠాలు చెప్పేవాణ్ణి. కీబోర్డు చూడకుండా టైపు చేయగలిగినవాడల్లా సాఫ్ట్‌వేరు మనిషే అని జనం నమ్మేవారు కాబట్టి మా ఊళ్లో నాకు అర్హతకు మించిన మర్యాదే దక్కేది. పాతికేళ్లు నిండబోతున్నాయి, మీసం ఒక దారికొచ్చింది, చొక్కా లోపలికి దోపుకోవడం అలవాటైంది. ఇక పెద్దవాణ్ణయిపోయానని నేనూ మా వాళ్లూ కలిసి ఒక నిర్ణయానికొస్తున్న సమయంలో మస్కట్ నుంచి మా బావ దిగాడు.

బావంటే మా మేనత్త కొడుకు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లందరిలాగే అతనూ అత్తరు సీసాలు, పూల దుప్పట్లు, తలనొప్పి మందు తెచ్చాడు. వాటితోపాటు తన మూడేళ్ల కొడుక్కని రిమోట్ కారొకటి తెచ్చాడు. తిరణాల్లో దొరికే బాపతు కాదది. ఎర్రగా మూరెడు పొడవుండి, రబ్బరు టైర్లతో, స్ప్రింగులతో, నెత్తిన పొడుగాటి తీగతో నిజం కారుకు పుట్టిన పిల్లలా ఉండేది. రిమోటు మీట నొక్కగానే అది రివ్వుమని వెళ్లి అరుగు అంచున ఆగింది. దాన్ని చూసి బావ కొడుకు గుక్కపట్టి ఏడ్చాడు. రెండోరోజు కూడా ఏడ్చాడు. మూడోరోజు దాని పేరెత్తితేనే అన్నం మానేశాడు. “ఒరేయ్, నువ్వు కంప్యూటర్లవీ తెలిసినోడివి కదా, ఇది నువ్వు పట్టుకుపోరా బాబూ. ఇంట్లో ఉంటే మా వాడు బతకనిచ్చేలా లేడు” అన్నాడు బావ. ఆ విధంగా మూడేళ్ల పిల్లాడికి పనికిరాని బొమ్మ పాతికేళ్ల మాస్టారికి పనికొచ్చింది.

గంటల తరబడి ఛార్జింగు పెడితే పావుగంట నడిచేది (మా నాన్నగారి స్కూటరు కంటే నయమే, దాన్ని అంతసేపు తన్నినా కదిలేది కాదు). ఆ పావుగంట కోసం నేను రోజంతా ఎదురు చూసేవాణ్ణి. సెంటరు నుంచి రాగానే చొక్కా అయినా మార్చకుండా వీధిలో నిలబడి రిమోటు పట్టుకునేవాణ్ణి. కోళ్లు కొబ్బరిమట్టల మీదికెక్కి దాక్కునేవి. మా అమ్మ గుమ్మంలోకొచ్చి “వెధవా, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? ఇంకా పెళ్లి కావాల్సినవాడివి” అనేది. మా నాన్నగారి వరస వేరు. ఆయన ఎదురైన ప్రతివాళ్లతో “మావాడికి కారొచ్చిందండి” అని ఊరుకునేవారు. అది అబద్ధం కాదు. అయితే ఎంత కారు అన్నది అవతలివాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు.

ఒక సాయంత్రం ఆ కారు వెళ్లి వెళ్లి, ఒలవడానికి రాశి పోసిన కొబ్బరికాయల్ని గుద్దుకుంది. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ప్లాస్టిక్ చెయ్యి ఫట్మని విరిగింది. సైకిలు ట్యూబు ముక్కతో కట్టుకట్టాను. నడిచిందిగానీ, నేను కుడికి తిప్పితే అది ఒకసారి ఆలోచించుకుని ఎడమకు వెళ్లేది. బావ అప్పటికే మస్కట్ వెళ్లిపోయాడు. అట్టపెట్టె మీద మాత్రం, విడిభాగాలు మీకు దగ్గర్లోని హాబీ షాపులో దొరుకుతాయని ఇంగ్లీషులో రాసి ఉంది. అది రాసినవాడు కోనసీమ ఎన్నడూ వచ్చి ఉండడు.

హాబీ షాపు కోసం మొదట అమలాపురం గాలించాను. బొమ్మల కొట్టాయన హాబీ అంటే స్టాంపులనుకుని పోస్టాఫీసుకు దారి చూపించాడు. బజారు చివర ఒక కొట్టుకు నిజంగానే హాబీ అన్న మాటతో బోర్డుంది. లోపలికి వెళ్తే రంగురంగుల దారపు ఉండలు, పూసలు, కుట్టుపని చట్రాలు, ఒక పెద్దావిడ.

“ముందు చెయ్యి కావాలండి” అన్నాను.

“జాకెట్టు చేతులాండి? పొట్టివా, మోచేతి దాకానా?”

“అది కాదండి. ముందు చెయ్యి విరిగిందండి.”

ఆవిడ నా రెండు చేతుల వైపూ జాలిగా చూసి, “అయ్యో, పక్క వీధిలో ఎముకల డాక్టరుగారున్నారండి. ఆయ్, హస్తవాసి మంచిదండి” అంది.

తరవాత కాకినాడ వెళ్లాను. అక్కడ కారు విడిభాగాలమ్మే పెద్ద కొట్లో “ఏ మోడలండి, డీజిలా పెట్రోలా?” అని గంభీరంగా అడిగారు. సంచీలోంచి తీసి బల్లమీద పెట్టాను. కొట్టాయన కాసేపు దాన్ని, కాసేపు నన్ను చూసి, లోపలున్న పనివాళ్లందర్నీ పిలిచాడు. అందరూ చూశారు. నాకు టీ ఇప్పించాడు. వెళ్లేటప్పుడు భుజం తట్టి “కాస్త పెద్దదయ్యేక తీసుకురండి మాస్టారూ, చేసి పెడతాం” అన్నాడు.

ఇలా నేను అవమానాల్లో డిగ్రీ చేస్తుండగా, రాజమండ్రిలో ఎవరో రిమోటు విమానాల సామాను అమ్ముతారని సెంటర్లో ఒక విద్యార్థి చెప్పాడు. సరిగ్గా అదే వారంలో మా పిన్ని కొత్తపేట సంబంధం తెచ్చింది. కొత్తపేట రాజమండ్రి దారిలోనే ఉంది. పెళ్లిచూపులు కానిచ్చి, అమ్మావాళ్లని వెనక్కి బస్సెక్కించి, నేను అటే రాజమండ్రి పోదామని లెక్క వేసుకున్నాను. విరిగిన చేతికి కొలత సరిపోవాలంటే బండి వెంట ఉండాలి. అందుకని కూరల కోసం వాడే మా అమ్మ ప్లాస్టిక్ వైరు బుట్టలో కారు, రిమోటు పెట్టి, ఎవరికీ కనపడకుండా పైన తువ్వాలు కప్పాను. బస్సులో కండక్టరు “అందులో కోడా అండీ?” అని అనుమానపడితే తువ్వాలు తీసి, కారు కింద మీట వేసి లైట్లు వెలిగించి చూపించాను. అతను సంతోషించాడు. ఆ సంతోషంలో మీట కట్టేయడం నేను మర్చిపోయాను.

అమ్మాయివాళ్ల ఇంటి గుమ్మంలో వాళ్ల నాన్నగారు నిలబడి, మమ్మల్ని దాటుకుని మా వెనకాల వీధిలోకి చూస్తున్నారు. “రండి రండి, దయచేయండి. కారెక్కడ ఆపించేరండి? ఆ గోడ పక్కన నీడగా ఉంటుందండి, అక్కడ పెట్టించండి” అన్నారు.

నేను పిన్నివైపు చూశాను. పిన్ని నాన్నగారివైపు చూసింది. నాన్నగారు ఆ ఇంటి పెంకుల్ని తీక్షణంగా పరిశీలిస్తున్నారు. ‘మావాడికి కారొచ్చిందండి’ అన్న ఒక్క మాట గోదావరి పాయలు దాటుకుంటూ ఎంత దూరం ప్రయాణించిందో నాకప్పుడర్థమైంది.

“బుట్టలో ఉందండి” అన్నాను, నిజం చెప్పేయడమే మంచిదని.

ఆయన పగలబడి నవ్వారు. “అబ్బాయిగారు సరదా మనిషండోయ్!” అన్నారు. “మరేనండి, చిన్నప్పట్నుంచీ అంతేనండి” అంది పిన్ని, ఊపిరి పీల్చుకుంటూ.

హాల్లో కూర్చున్నాం. బుట్ట నిలబడక ఒరిగిపోతోంటే కుర్చీ కింద పక్కకి పడుకోబెట్టాను. అమ్మాయి తాతగారికి ఒంట్లో నలతగా ఉందనీ, అందుకే ఇవతలికి రాలేకపోయారనీ వాళ్ల నాన్నగారు చెప్పారు. చెబుతూ ఆయన కూడా పెంకులవైపే చూశారు. వర్షాలు, కొబ్బరి ధర, నా ఉద్యోగం అయ్యాక అమ్మాయి కాఫీ పళ్లెంతో వచ్చింది. సరిగ్గా అప్పుడు నా కుర్చీ కింద జుయ్యిమని చప్పుడైంది.

బుట్టలోంచి తువ్వాలు బయటికొచ్చింది. అది దానంతటదే హాలు మధ్యకి వచ్చి ఆగింది. కాస్త ఆలోచించుకుంది. గిరుక్కున తిరిగి పిన్ని కాళ్లవైపు బయల్దేరింది.

“పాము!” అని అరిచి పిన్ని సోఫా ఎక్కేసింది. తువ్వాలు కప్పుకున్న పామును ఎవరూ ఎక్కడా చూసి ఉండరు. కానీ ఆ సమయంలో ఎవరికి తడుతుంది? మా అమ్మ కూడా సోఫా ఎక్కింది. నేను కుర్చీ కింద దూరి, బుట్టలో మిగిలిన రిమోటు అందుకుని మీట ఆన్ చేసి, బలంగా వెనక్కి లాగాను. తువ్వాలు ఒకడుగు వెనక్కీ రెండడుగులు ముందుకీ కొట్టుకుంది. అదే క్షణంలో పెరట్లోంచి ఒక ముసలావిడ కేక వినిపించింది.

“నా ఒడియాలు! నా ఒడియాలన్నీ తొక్కించేస్తున్నారు దేవుడోయ్!”

దాని వెంటే ఒక పెద్దాయన గొంతు. “ఈసారి నేను కాదే! ఒట్టే! బండి దానంతటదే పోతోందే!”

హాల్లో తువ్వాలు అమ్మాయి వైపు దూసుకెళ్లింది. అందరం కళ్లు మూసుకున్నాం. ఆ అమ్మాయి మాత్రం కాఫీ చుక్క కూడా తొణక్కుండా, కుడికాలితో దాన్ని చులాగ్గా తొక్కిపట్టి, పెరటివైపు తిరిగి “తాతయ్యా! అది కట్టేయ్!” అని అరిచింది. ఎంతో అలవాటున్న కాలది.

వెనక గుమ్మంలో నలతగా ఉన్న తాతగారు ప్రత్యక్షమయ్యారు. ఎగ్గట్టిన పంచె, చొక్కాలేని ఒళ్లు, మెళ్లో తాడుకు వేలాడుతున్న రిమోటు, చంకలో నీలంరంగు కారు. దాని టైర్లకు పచ్చి ఒడియాలు అంటుకుని ఉన్నాయి. ఆయన నేలమీది తువ్వాలు చూశారు, దానిలోంచి పొడుచుకొచ్చిన తీగ చూశారు, నా చేతిలో రిమోటు చూశారు.

“ఇరవయ్యేడా?” అన్నారు.

“ఇరవయ్యేడేనండి” అన్నాను.

ఇరవయ్యేడంటే ఆ రిమోటు పనిచేసే రేడియో అలల నంబరు. ఒకే నంబరు బండ్లు రెండు దగ్గర దగ్గరగా ఉంటే ఒక రిమోటుకి రెండూ కదులుతాయని కారుతోపాటు వచ్చిన పుస్తకంలో చదివానుగానీ, గోదావరి జిల్లాల్లో రెండో కారు ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. ఆయనా అనుకోలేదట. కువైట్‌లో ఉన్న చిన్నకొడుకు పంపించిన బండట అది. ఆ ఇంటివాళ్లు, పెళ్లివారి ముందు పరువు పోతుందని ఆయన్ని పెరట్లో దాచారు. నన్ను నేనే తువ్వాలు కింద దాచుకున్నాను.

ఆయన వచ్చి నా పక్కన నేలమీద చతికిలబడ్డారు. విరిగిన చెయ్యి తడిమి చూసి “ట్యూబు ముక్కా? నేను కొబ్బరితాడు కట్టేనయ్యా, ఆగలేదు. అమలాపురంలో ఆ దారాల కొట్టుకెళ్లేవా?” అన్నారు.

“వెళ్లేనండి.”

“ఎముకల డాక్టరు దగ్గరికి పంపిందా?”

“పంపిందండి.”

“నన్నూ పంపిందయ్యా. నేను వెళ్లేను కూడాను” అని ఆయన కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నేనూ నవ్వాను. ఎన్ని నెలల తరవాతో నా బాధ తెలిసిన మనిషి దొరికాడు. రాజమండ్రి విమానాల కొట్టు మూసేసి ఏడాదైందని కూడా ఆయనే చెప్పి నాకు ఆ ప్రయాణం తప్పించారు. ఎప్పుడో ఎవరో “అబ్బాయీ అమ్మాయీ కాసేపు విడిగా మాట్లాడుకుంటారేమోనండి” అన్నారు. “ఉండండహె, మేం మాట్లాడుకుంటున్నాం కదా” అని విసుక్కున్నారు తాతగారు. నేను కూడా తలూపానని మా అమ్మ ఈనాటికీ అంటుంది. నాకు గుర్తులేదు. చల్లారిన కాఫీ కప్పు పట్టుకుని ఆ అమ్మాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూడ్డం మాత్రం గుర్తుంది.

జవాబు నాలుగు రోజుల్లో పిన్ని ద్వారా వచ్చింది. అబ్బాయి బుద్ధిమంతుడేననీ, కాకపోతే అమ్మాయి “ఇలాంటివాళ్లు ఒకళ్లతోనే వేగలేకపోతున్నాం, ఇంకొకళ్లు నావల్ల కాదు” అందనీ సారాంశం. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు సెంటరుకు ఫోనొచ్చింది. బాధపడుతున్న గొంతుతో ఎత్తాను.

“పెళ్లి సంగతి వాళ్ల సంగతయ్యా, మన సంగతి వేరు. సికింద్రాబాదులో కొట్టుందిట. నిక్కచ్చిగా తెలిసింది. వస్తావా?” అన్నారు తాతగారు.

ఇద్దరం రైలెక్కాం. సికింద్రాబాదులో ఇరుకు మెట్లెక్కి చూస్తే నిజంగానే ఉంది, గోడంతా చక్రాలు, స్ప్రింగులు, ప్యాకెట్లలో ఎడమ చేతులు, కుడి చేతులు వేలాడుతూ. తాతగారు చెప్పులు గుమ్మం బయట విడిచారు. కొట్టాయన మమ్మల్ని చూసి మర్యాదగా “బాబుకి ఎంత వయసండి?” అనడిగాడు.

“డెబ్భై రెండండి” అన్నారు తాతగారు.

చేతులు కొన్నాం. నంబరు మార్చే చిన్న లోహపు బిళ్లలు కూడా అక్కడే దొరికాయి. ఎవరు నంబరు మార్చుకోవాలన్న దానిమీద తిరుగు ప్రయాణమంతా వాదించుకున్నాం. పెద్దవాణ్ణి, పైగా పిల్లనిచ్చేవాళ్ల తరఫువాణ్ణి అన్నారాయన. పిల్లనివ్వలేదు కదండీ అన్నాను. చివరికి నేనే మార్చుకున్నాను. ఆ తరవాత ఏడాదంతా ఆదివారాలు కొత్తపేట కళ్లాల్లో పందేలు వేసుకున్నాం. ఓడిపోయినప్పుడల్లా ఆయన గాలి మీద నెపం వేసేవారు.

మరుసటేడు ఆ అమ్మాయికి బ్యాంకు ఉద్యోగితో పెళ్లి కుదిరింది. తాతగారు స్వయంగా వచ్చి శుభలేఖ ఇచ్చి, “బండి మర్చిపోకు” అని చెవిలో చెప్పి వెళ్లారు. కల్యాణమండపం వెనక వంటలవాళ్ల గాడిపొయ్యిలకీ వరండాకీ మధ్య మేమిద్దరం పందెంలో ఉండగా పెళ్లికొడుకు, పెళ్లికూతురు అటుగా వచ్చారు. ఎర్ర కారు పెళ్లికొడుకు కాలికి తగిలి ఆగింది. అతను కారుని తప్పించుకుని, టక్కు వేసుకుని నేలమీద గొంతుక్కూచున్న నన్ను వింతగా చూసి “ఎవరీయన?” అని అడిగాడు. ఆ అమ్మాయి నావైపు చూసి, నవ్వాపుకుంటూ, ఎంతో మర్యాదగా పరిచయం చేసింది.

“మా తాతయ్యగారి ఫ్రెండండి.”

ఆ రాత్రి మా ఊరొచ్చేదాకా బస్సులో ఉడికిపోయాను. ఆ మాట ఎంత అన్యాయం అనిపించిందో! ఇప్పుడు తాతగారు లేరు. నాకు జుట్టు నెరిసింది, కళ్లజోడు లేందే రిమోటు మీది గుర్తులు కనపడవు, నేలమీద కూర్చుంటే లేవడానికి ఏదో ఒక ఆసరా కావాలి. మొన్నామధ్య అద్దంలో చూసుకుంటూ ఆ పిల్ల మాట తలుచుకుని నవ్వుకున్నాను. పాపం తను అన్నది నిజమే, కాస్త ముందుగా అంది. ఆ మాటకు తగ్గ వయసు నాకిప్పుడిప్పుడే వస్తోంది.