సంతకం ఉన్న డప్పు

పాటగాళ్ల సంతకాలు కూడబెట్టడం నా పిచ్చి. అందరూ సెల్ఫీల కోసం ఎగబడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఫోన్ పోతే ఫొటో పోతుంది. సంతకమైతే ఆ మనిషి చెయ్యి ఆనిన చోటు. క్యాసెట్ అట్టల మీద, కండువాల మీద పెట్టించుకున్నాను. బాన్సువాడలో మా కిరాయి ఇంటి బీరువాలో ఒక అర నిండా అవే. డప్పు మాత్రం గోడకు ఉంటుంది. అది మా అన్నది.

ఊరూరా పేరున్న జానపద గాయకుడొకాయన బాన్సువాడకు వచ్చినప్పుడు వెనక డప్పు కొట్టింది మా అన్నే. పాట అయ్యాక ఆయన అన్న భుజం తట్టాడు. నేను మార్కర్ పట్టుకుని ఉరికాను. కాగితం తీసేలోపే అన్న డప్పు ముందుకు చాచాడు. ఆయన నవ్వుతూ తోలు నడిమధ్యన పెద్దగా సంతకం పెట్టాడు. మా సంబురం ఇంతా అంతా కాదు.

ఇంటికొచ్చాక గానీ బుర్ర వెలగలేదు. డప్పును కొట్టే ముందు ప్రతిసారీ మంటకు కాచాలి. కాస్తేనే తోలు బిగుసుకుని పలుకుతుంది. కాస్తే పొగ, కొడితే దెబ్బ. సంతకం ఎన్నాళ్లుంటుంది?

"ఓయమ్మో, ఎంత పని చేసినమే!" అని అన్న పడీ పడీ నవ్వాడు. తర్వాత మేకు కొట్టి దాన్ని గోడకు తగిలించి, మంటకు కాచే పనిలేని ఫైబర్ డప్పు తెచ్చుకున్నాడు. "గిది మోగుతది గానీ మాట్లాడది," అనేవాడు.

బీర్కూర్ రోడ్డు మీద బండి జారి అన్న పోయాడు. సాగనంపడానికి వచ్చిన తోటి డప్పువాళ్లు వాకిట్లో గడ్డి మంటేసి తమ డప్పులు కాచుకుంటూ, "అన్న డప్పు ఇయ్యక్కా, దాన్నే కొట్టుకుంట సాగనంపుతం," అన్నారు. మమ్మల్ని కన్న అవ్వ గోడకు అడ్డంగా నిలబడింది. "గా సంతకం తప్ప నా కొడుకుకు ఇంకేం మిగిలింది? నేనియ్య."

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఇద్దరం అన్నం తింటుంటే గోడ మీద డప్పు 'టంగ్' అంది. ఎండకు తోలు బిగుసుకుంటే అట్లా అంటుందని నాకు తెలుసు. తెలిసినా చేతిలో ముద్ద కంచంలోనే పెట్టేశాను. అవ్వ లేచి చెంబెడు నీళ్లు తెచ్చి డప్పు కింద పెట్టింది. "వాడచ్చిండు," అంది. అప్పట్నించి రోజూ అదే. నిజం చెప్పొద్దూ, మోగితే భయమేసేది. మోగకపోతే ఇంకా భయమేసేది.

వానలు పట్టాయి. తోలు మెత్తబడి డప్పు నోరు మూసుకుంది. అవ్వ గోడ వైపే చూస్తూ కంచం ముట్టడం మానేసింది. "వాడు మాట్లాడ్తలేడేందే? నా మీద కోపమొచ్చిందా? ఆ రోజు కొట్టనియ్యకపోతిని."

ఆ గాయకుడూ ఈ మధ్యే పోయాడు. అట్లాంటి సంతకం ఇంకెక్కడా దొరకదు. చేతులు రాలేదు. అయినా డప్పు దించాను. వాకిట్లో రేకుల కింద గడ్డి అంటించి, అన్న తిప్పినట్టే తిప్పుతూ కాచాను. అక్షరాలు పొగలో మసకబారుతుంటే ఏడుపొచ్చింది. అన్న వాడిన పుల్లతోనే ఒక్క దెబ్బ వేశాను. అదే గొంతు.

గడపలో కూర్చున్న అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"గట్టిగ కొట్టు బిడ్డా. చానా దూరం పోయిండు, ఇనబడాలె."